నేను పెట్టని గొడ్డుమాంసం

కొందరు గుండె మీద రాయి మోస్తారు. నేను మోస్తున్నది ఇనప మూకుడు. ఏళ్ళ తరబడి మోస్తున్నాను. దించమని ఎవరూ అనలేదు, మోస్తున్నట్టు ఎవరికీ తెలియదు కాబట్టి. మా ఆయనకి సగం తెలుసు. అది నవ్వొచ్చే సగం. మిగతా సగం ఇవాళ మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తప్పు ఒప్పుకోవడానికి ఇంతకంటే అనువైన చుట్టరికం ఉంటుందా?

నా తప్పు ఇది: ఒక బ్రాహ్మణుడికి గొడ్డుమాంసం పెడతానని చెప్పి, పెట్టలేదు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. నేనూ నవ్వాను. తప్పు అక్కడే మొదలయింది.

డెబ్భైల చివర మేము మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. మేము గుంటూరు వైపు క్రైస్తవులం. ఆదివారం ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన, శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో టాకోలు. రెండింటిలో దేనికి జనం ఎక్కువ భక్తితో వచ్చేవాళ్ళో దేవుడికే తెలియాలి.

టాకో అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. మొక్కజొన్న రొట్టెను నూనెలో వేసి, అది బిగిసిపోయేలోపు సగానికి మడవాలి. ఆ దోసిట్లో మసాలా మాంసం వేసి, పైన సన్నగా తరిగిన ఆకుకోసు, టమాటా, జున్ను తురుము చల్లాలి. కష్టమంతా మాంసం దగ్గరే. మా ఆయన ఫ్యాక్టరీలో ఒక మెక్సికన్ మిత్రుడి భార్య నాకు నేర్పింది. నేను సూపర్‌మార్కెట్‌లో కొన్న మసాలా పొట్లం చూసి, ఇది ఎర్ర ఇసుక, మాంసంలోకి కాదు, నేల తోముకోడానికి పనికొస్తుంది అంది. కొవ్వు బాగా ఉన్న మాంసాన్ని బరకగా కొట్టించాలి. మూకుడు పొగలు కక్కాలి. మాంసం వేశాక గరిటె ముట్టుకోకూడదు. కదిపావో, నీళ్ళూరి ఉడికిపోతుంది. అడుగంటనీ, ఆ అంటిందే రుచి అంది. కూర అడుగంటితే అత్తగారి గొంతు వీధి చివరిదాకా వినిపించే దేశం నుంచి వెళ్ళిన నాకు, కావాలని అడుగంటించడం ఎంత ఆనందంగా ఉండేదో చెప్పలేను. తరవాత ఉల్లిపాయ, వెల్లుల్లి, వేయించి నానబెట్టి రుబ్బిన ఎండుమిర్చి, నూరిన జీలకర్ర, నూనె తేలేదాకా వేగిన టమాటా పేస్టు, దించేముందు చెంచాడు వెనిగర్. ధనియాలు మాత్రం నా సొంతం. ఆవిడ ఒప్పుకోలేదు గాని, మళ్ళీ వడ్డించుకుంది.

ఆ వాసనకి వచ్చారు నరసింహం గారు.

పేరు మార్చాను. మా ఆయన పక్క డ్రాయింగ్ బోర్డు ఆయనది. నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. పేరులో సగం సింహమే గాని, పుట్టినప్పటినుంచీ పెరుగన్నం. అమెరికా వచ్చిన మొదటి ఏడు గుడ్డు తిన్నారు. రెండో ఏడు కోడి. అలా ఒక్కో మెట్టే దిగుతూ మూడో ఏడు మా గుమ్మంలో ఆగారు. తనకీ ఒక బీఫ్ టాకో పెట్టమన్నారు. అదేమిటో తెలిసే అడుగుతున్నారా అన్నాను. నేను ఇంజనీర్ని చెల్లెమ్మా, టెస్ట్ చెయ్యకుండా రిపోర్ట్ రాయను అన్నారు. వాళ్ళావిడ సుభద్ర వదినకి శనివారాలు హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ. కాబట్టి టెస్ట్ కాన్ఫిడెన్షియల్.

వచ్చే శనివారం పెడతానన్నాను.

ఆ వారమంతా నాకు చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదు? ఆయన పెద్దవాడు, చదువుకున్నవాడు, కావాలని అడిగాడు. మేము రోజూ తినేదే. అయినా నా చేత్తో పెట్టడానికి మనసు ఒప్పలేదు. రేపు ఆయనకి జ్వరం వచ్చినా, ఉద్యోగం పోయినా, అది నా టాకో వల్లే అంటారేమో. అలా అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, ఇప్పుడు మీకు చెప్పడానికి బాగుంటుందని అంటున్నాను. అసలు కారణం దగ్గరికి తరవాత వస్తాను. ఇప్పుడే రాలేను.

శుక్రవారం వెళ్ళి టర్కీ కొన్నాను. కోడికి పెత్తండ్రి లాంటి పక్షి. ఖైమా కొట్టి అమ్ముతారు. రంగు పాలిపోయి, కొవ్వు లేక, రుచి లేక, వారం రోజులు పథ్యం చేసి లేచిన మనిషిలా ఉంటుంది. దాన్ని గొడ్డుమాంసం చేయాలి. వెన్న వేశాను. సోయా సాస్ వేశాను. నలుపు చాలక చెంచాడు ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేశాను. ఎండుమిర్చి రెట్టింపు చేశాను. దేవుడు సృష్టిలో పక్షుల్నీ పశువుల్నీ వేరువేరుగా చేశాడంటారు. నేను ఒక మధ్యాహ్నంలో కలిపేశాను.

అదికూడా మా మూకుట్లో కాదు. కొత్త మూకుడు కొన్నాను. దానికో గరిటె, దానికో నూనె గిన్నె. పొరపాటున కలవకుండా మూకుడు చెవికి ఎర్రదారం కట్టాను. మా మాంసం తగిలిన చెయ్యి సబ్బుతో కడుక్కుని గాని దాన్ని తాకేదాన్ని కాదు. చూశారా? మడి విడిచేయడానికి ఆయన మా ఇంటికి వస్తే, ఆయన మడి నేను పట్టాను. నా వంటింట్లో బైబిల్ వాక్యం క్యాలెండర్ కింద, ఒక బ్రాహ్మడి మూకుడికి నేను మడి పాటించాను.

ఆయన టాకో చేతిలోకి తీసుకున్నారు. కళ్ళు మూసుకుని ఏదో గొణిగారు, మంత్రమో క్షమాపణో. కొరికారు. నమిలారు. కళ్ళు తెరిచేసరికి నీళ్ళు. కొంత మిర్చి వల్ల.

"ఇదా చెల్లెమ్మా! మా తాతముత్తాతలు నాకు దక్కకుండా దాచింది ఇదా!"

మా ఆయన దగ్గు తెచ్చుకుని బాత్రూంలోకి పరిగెత్తాడు.

ఒక్కసారితో ఆపి, నిజం చెప్పేసి, ముగ్గురం నవ్వుకుని ఉంటే ఇది కథ అయ్యేది, తప్పు అయ్యేది కాదు. ఆయన ఆపలేదు. నిండా మునిగినవాడికి చలేమిటి అంటూ ప్రతి శనివారం వచ్చేవారు. అదీ శనివారం, వెంకటేశ్వరస్వామి రోజు. నేనూ ఆపలేదు. నా వంట మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు అలాంటివి. ఆ రుచి మరిగినవాడికి తక్కినవన్నీ గడ్డి అనేవారు. ఒక థ్యాంక్స్‌గివింగ్ పండక్కి మా ఇంట్లో నిలువెత్తు టర్కీ కాల్చి పెడితే, ఒక ముక్క నోట్లో వేసుకుని, మర్యాదగా పక్కకి తోసి, ఇందులో ఏముంది చెల్లెమ్మా, నీ బీఫ్ ముందు ఇది దిగదుడుపు అన్నారు. టర్కీని టర్కీతో ఓడించిన వంటమనిషిని నేను. ఆ బిరుదు ఎవరికి చెప్పుకోను?

ఇంతవరకూ మా ఆయనకి తెలుసు.

ఎనభైలు సగానికి వచ్చేసరికి మా వైపు మనవాళ్ళు గుడి కట్టడం మొదలుపెట్టారు. నరసింహం గారే దాన్ని నెత్తిన వేసుకున్నారు. ప్లాన్లు గీశారు. టౌన్‌షిప్ ఆఫీసుకి పర్మిట్ కోసం ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. అంత ఎత్తు చిమ్నీ ఎందుకు అని అక్కడివాళ్ళు గోపురాన్ని చూపించి అడిగితే, అందులోంచి పొగ రాదు, పుణ్యం వస్తుంది అన్నారట. ప్రతిష్ఠ రోజు పీటల మీద కూర్చోవలసింది ఆ దంపతులేనని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. సుభద్ర వదిన ఇండియా నుంచి తొమ్మిది గజాల పట్టుచీర తెప్పించుకుంది.

ప్రతిష్ఠకి రెండు వారాల ముందు ఆయన మా వంటింట్లో కూర్చున్నారు. ముందు పళ్ళెంలో రెండు టాకోలు. ముట్టుకోలేదు. మా ఆయన షాపుకి వెళ్ళాడు.

"చెల్లెమ్మా, నేను పీట మీద కూర్చోవడం లేదు."

"అదేమిటి అన్నయ్యగారూ?"

"ఇదీ." పళ్ళెం చూపించారు. "కోడి సంగతి నాలుగు చెంబులు పోసుకుంటే పోతుంది. ఇది పోదు. ఈ చేతులతో ఆ విగ్రహాన్ని ముట్టుకుంటానా?"

"మీరు ఇవన్నీ నమ్మరు కదా!"

"నమ్మననే అనుకున్నాను. టెస్ట్‌లో ఫెయిలయ్యాను."

"మరి వదినకేం చెబుతారు?"

"నడుం నొప్పని. ఆర్నెల్ల నుంచి కలలు కంటోంది. నాకు మాత్రం లేదా ఆశ? పెళ్ళి నాడు ఆవిడ పక్కన పీట మీద కూర్చున్నాను, అంతే. మళ్ళీ కూర్చున్నది లేదు."

తల వంచుకున్నారు. ఆ పెద్ద తలకాయ, మధ్యలో పలచబడ్డ జుట్టు, నా కంటికి ఎదురుగా. నాకు కావలసినవి మూడు మాటలు. అది టర్కీ అన్నయ్యగారూ. నాలుక మీదికి వచ్చాయి. పళ్ళ దాకా వచ్చాయి.

"టీ పెట్టనా?" అన్నాను.

ఆయన తాగారు కూడా.

ప్రతిష్ఠకి మమ్మల్నీ పిలిచారు. వెళ్ళాం. పార్కింగ్ దగ్గర నారింజరంగు చొక్కా తొడుక్కుని, చేతిలో జెండాతో కార్లకి దారి చూపిస్తున్న మనిషి నరసింహం గారు. గుడి కట్టించినవాడు గుడి బయట. నన్ను చూసి ఉత్సాహంగా చెయ్యి ఊపి, ఎడమవైపు ఖాళీ ఉంది చెల్లెమ్మా అన్నారు. లోపల పీటల మీద ఇంకెవరో దంపతులు. సుభద్ర వదిన ఆ తొమ్మిది గజాల చీరలోనే వచ్చి, ఒక స్తంభం పక్కన నిలబడింది. నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"చూశారా వదినా, పొద్దున ఏడింటి నుంచి ఎండలో నిలబడ్డారు. నిలబడటానికి లేని నడుం నొప్పి కూర్చోడానికి వచ్చింది." మంత్రాల చప్పుడులో గొంతు తగ్గించి, "నా పక్కన కూర్చోవడం ఇష్టం లేదు లెండి. ఆ మాట చెబితే సరిపోయేదిగా" అంది.

అప్పుడూ నేను చెప్పలేదు.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను అడిగినప్పుడల్లా ఒక కొత్త జవాబు చెప్పుకునేదాన్ని. సిగ్గు. భయం. ఆయన ధైర్యమే అబద్ధమని తెలిస్తే ఆయన ఏమైపోతారోనన్న జాలి. ఈ జాలి నాకు చాలా నచ్చిన జవాబు, రెండు మూడేళ్ళు దానితోనే గడిపాను. అసలుది ఇది. చిన్నప్పుడు మా పేట మీదుగా వెళ్ళే పెద్దింటి ఆడవాళ్ళు పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. బళ్ళో, మీ ఇంట్లో ఇవాళ ఏం కూర అని అడిగితే, నేను వంకాయ అనేదాన్ని. సంవత్సరం పొడుగునా వంకాయే. అంత వంకాయ ఏ తోటలోనూ కాయదు. ఆ పిల్ల నాలో ఎక్కడికీ పోలేదు. నరసింహం గారు నా వంటింట్లో టాకో ముందు కళ్ళు మూసుకున్న ప్రతి శనివారం ఆ పిల్లకి లోపల ఎంతో బాగుండేది. ఆ ముక్కులన్నిటి తరఫునా ఈ ఒక్క ముక్కూ నా దగ్గరికి వచ్చింది, మా తిండి కోసం చెయ్యి చాచింది, నేను పెట్టలేదు. మా తిండి నీకెందుకు దక్కాలి అనుకున్నాను. ఇప్పుడు చెప్పాను కదా అసలు కారణం. గౌరవం కాదు.

నరసింహం గారు ఏనాడూ ముక్కు మూసుకోలేదు. మా గిన్నెలో తిన్నారు, మా గ్లాసులో తాగారు, మా ఆయనకి ఆపరేషనైతే వారం రోజులు హాస్పిటల్‌లో కూర్చున్నారు. నా కోపం అడ్రసు తప్పి ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు తీసింది మాత్రం సుభద్ర వదిన.

వాళ్ళు తరవాత వర్జీనియా వెళ్ళిపోయారు. పండగలకి ఫోన్ చేస్తారు. ఆయన ఇప్పటికీ, నీ బీఫ్ లాంటిది ఈ ఊళ్ళో దొరకదు చెల్లెమ్మా అని గుసగుసగా అంటారు. వదిన పూర్వంలా ఆయన మీద విసుక్కోదు. ఆయన ఇష్టం లెండి అంటుంది. ఆ విసుగు కంటే ఈ మాటే నాకు ఎక్కువ భయం.

పేర్లు మార్చాను గాని, తమని తాము గుర్తుపట్టలేనంత అమాయకులు కారు వాళ్ళు. అచ్చులో కనబడింది ఏదైనా వదిన వదలకుండా చదువుతుంది. రాయడం మొదలుపెట్టినప్పుడు ఆయనకి చెబుతున్నాననుకున్నాను. ఇంత దూరం వచ్చాక ఆవిడకి అని తెలిసింది. ఊపిరి ఇవాళ కాస్త కిందికంటా దిగుతోంది.

సుభద్ర వదినా, ఆయన పాపం చెయ్యలేదు, పాపం. తిన్నది టర్కీ. ప్రతి శనివారమూ టర్కీయే. తెలిసి దాచింది నేను. క్షమించమని అడగను. అడిగితే మీరు క్షమించేస్తారు, మీరలాంటివారు. ఆ తొందరలో నేను చెప్పేది సరిగా వినరు. ముందు వినండి. ఆ రోజు ఆయనకి మీ పక్కన కూర్చోవాలనే ఉంది.