ఇద్దరు లాగాల్సిన నక్షత్రం

మా అవ్వ పోయిందన్న కబురు నాకు చెప్పింది ఆమె స్నేహితురాలు గాజులవ్వ. "మీ అవ్వ పాయ పాపా. పొద్దున కాఫీ తాగి, గలాసు కడిగి బోర్లించి, పండుకునింది. మళ్లా లేయల్యా" అని చెప్పి, నేను నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేసింది. కడపలో బస్సెక్కి, మైదుకూరు మీదుగా కోయిలకుంట్ల పక్కనున్న మా ఊరు చేరేసరికి అవ్వను పెట్టెలో పడుకోబెట్టారు. రెండు చేతులకూ కొత్త పచ్చగాజులు. ఎవరు తొడిగారో అడగాల్సిన పని లేదు. గాజులవ్వ పెట్టె పక్కనే కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. ఆ తర్వాత నెలరోజులు నాతో మాట్లాడలేదు.

ఎందుకో నాకు తెలుసు. అంతకు పదిరోజుల ముందు అవ్వ ఫోన్ చేసి, "ఈసారి ముందుగానే రా పాపా. ఒళ్లు నా మాట ఇనడంల్యా. నచ్చత్రానికి కాగితాలు నువ్వే అంటించాల" అంది. నేను టీచర్ని. బడిలో పరీక్షలున్నాయనీ, క్రిస్మస్ సెలవులకే వస్తాననీ చెప్పాను. ఒక్క ఆదివారం వచ్చి పోవచ్చు. రాలేదు. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు గాజులవ్వ పక్కనే ఉందట.

సరే, ఏడుపు సంగతి అలా ఉంచుతాను. ఏడుస్తూ చెప్పుకుంటే మా అవ్వకు నచ్చదు. ఆమె గురించి చెప్పాలంటే క్రిస్మస్ గురించి చెప్పాలి. మిగతా పదకొండు నెలలూ మా అవ్వ కూడా అందరు అవ్వల్లాంటిదే. మోకాళ్ల నొప్పులు, టీవీ, కోడలి మీద సణుగుడు. డిసెంబరు వచ్చిందంటే ఆ మోకాళ్లు ఎక్కడికి పోయేవో తెలియదు. పొద్దున్నే గుడికి (మేము చర్చిని గుడి అనే అంటాం) సున్నం కొట్టించడానికి పోయేది. అక్కడి నుంచి పాటలు నేర్చుకునే ఆడవాళ్ల దగ్గరికి. గొంతు పెద్దది, శ్రుతి అసలు లేదు. మా గుడి పాస్టరు అయ్యగారు ఒకసారి ధైర్యం చేసి "కొంచెం నెమ్మదిగా పాడు పెద్దమ్మా" అన్నారు. "దేవునికి వయసయింది కదయ్యా, గట్టిగ పాడితేనే ఇనపడేది" అందట. అయ్యగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పండక్కి వారం ముందు మా వరండాలో పిండివంటల పని మొదలయ్యేది. వీధిలోని ఆడవాళ్లందరూ అక్కడే. అత్తిరసాల (అరిసెల) పాకం మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేలితో ఉండ చేసి, దాన్ని మళ్లీ పళ్లేనికి కొట్టి చెవి పెట్టి వినేది. ఇంటికి ఎవరొచ్చినా పని తప్పదు. "వచ్చినోళ్లు ఉత్తగ కూచోకూడదు" అనేది ఆమె చట్టం. ఒక ఏడాది కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన ఇరవై కజ్జికాయలు ఒత్తాకే మీటరు దగ్గరికి పోగలిగాడు. మరుసటి ఏడాది ఆయన పండగ వారంలోనే వచ్చాడు, చేతులు కడుక్కుని మరీ.

ఇదంతా ఒక ఎత్తు, నక్షత్రం ఒక ఎత్తు. మా ఇంటికీ గాజులవ్వ ఇంటికీ మధ్య వీధిలో ఒక ఇనుప స్తంభం ఉంది. దాని కొసకు పాత బావి గిలక బిగించి ఉంటుంది. డిసెంబరు నెల సగమయ్యేసరికి సాయంత్రం పూట, పొద్దు గూకేముందు, ఆ స్తంభానికి నక్షత్రం ఎక్కించాలి. అది వెదురుతో చేసింది కాదు. వెల్డింగు షాపులో ఇనుప కడ్డీలతో చేయించింది. దానికి రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెడతాం. ఒక్కరు లాగితే కదలదు. మా నాయన ఏటా అనేవాడు, "బజార్లో ప్లాస్టిక్కువి వస్తాండాయి, ఒక్క చేత్తో ఎత్తొచ్చు." అవ్వ ఏటా అనేది, "ఒక్క చేత్తో ఎక్కే నచ్చత్రం నాకెందుకురా?"

ఎందుకంటే, ఆ తాడు లాగాల్సింది ఊళ్లో మాటల్లేని ఇద్దరు. అది అవ్వ పెట్టిన నియమం. కులం, మతం, వయసు ఏమీ చూసేది కాదు. మాటల్లేకుండా ఉన్నారా, చాలు. నవంబరు నుంచే వాకబు చేసేది. పొలం గట్టు దగ్గర తగాదా పడ్డ అన్నదమ్ములు లాగారు. సీరియల్ చూసే వేళ గురించి అలిగిన అత్తాకోడళ్లు లాగారు. అయ్యగారూ హార్మోనియం వాయించే ఆయనా కూడా ఒకసారి లాగారు, పాపం. మాటలు కలపమని అవ్వ ఎవరికీ చెప్పేది కాదు. నక్షత్రం సగం దూరం పోయాక గిలక దగ్గర తాడు ముడి తట్టుకుంటుంది. అక్కడ ఇద్దరూ ఒకేసారి లాగాలి. ఒకేసారి లాగాలంటే ఎవరో ఒకరు "ఇగ్గు" అనాలి. "నోరు తెరవకుండా ఎట్ల ఇగ్గుతారో నేనూ సూస్తా" అని అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. ఆ ముడి విప్పి తాడు మార్చమని ఎందరు చెప్పినా వినలేదు.

ఒక సంవత్సరం ఊళ్లో ఒక్క తగాదా దొరకలేదు. అవ్వకు దిగులు పట్టుకుంది. "ఏం రోగమొచ్చిందే ఈ ఊరికి? ఎవురూ కొట్లాడుకోల్యా?" అని ఇల్లిల్లూ తిరిగింది. చివరికి ఆ పొద్దున పప్పులో ఉప్పు ఎక్కువైందని మాటామాటా అనుకున్న మా అమ్మానాయనల చేతికే తాడు ఇచ్చింది. వాళ్లిద్దరూ నవ్వు ఆపుకోలేక నక్షత్రాన్ని రెండుసార్లు కిందికి జార్చారు.

ఇప్పుడు గాజులవ్వ సంగతి. ఆమె తురకలామె, ఊరూరా తిరిగి గాజులమ్మేది. మా అవ్వా ఆమే ఒకరినొకరు "వదినా" అని పిలుచుకునేవాళ్లు. మా తాత పోయినప్పుడు బంధువులు అవ్వ చేతులు బోసిగా ఉండాలన్నారు. ఆ క్రిస్మస్‌కు గాజులవ్వ గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చి, "మీ దేవుడేమన్నా వద్దన్నాడా వదినా? చెయ్యి ఇట్లియ్యి" అని డజను పచ్చగాజులు తొడిగింది. అప్పటి నుంచి ప్రతి పండక్కీ అంతే. మా పండగ పొటేలును హలాల్ చేసి కోయడానికి ముల్లాసాబు వచ్చేవాడు. అలాగైతేనే గాజులవ్వ ఇంటిల్లిపాదీ మాతో కూర్చుని తింటారు.

రెండేళ్ల కిందటి క్రిస్మస్‌కు ముల్లాసాబు నందికొట్కూరులో పెళ్లికి పోయాడు. మా నాయన తొందరలో తనే కోసేశాడు. అవ్వకు చెప్పాలనుకుని, హడావుడిలో మర్చిపోయాడు. గాజులవ్వ మొదటి ముద్ద కలుపుతుండగా వడ్డిస్తూ మామూలుగా అనేశాడు, "ఈసారి ముల్లాసాబు దొరకల్యా, మేమే కోసుకుంటిమి" అని. గాజులవ్వ ముద్దను విస్తట్లోనే వదిలేసి, చేయి కడుక్కుని వెళ్లిపోయింది.

అవ్వ ఆ రోజంతా నాయనను తిట్టింది. కానీ వీధి దాటలేదు. "తప్పు మనదే కదా, పోయి చెప్పొచ్చు కదవ్వా" అన్నాను. "ఏమని చెప్పేది? నాకు మొగం యాడుండాది?" అంది. ఎదురింటికి పోతే గాజులవ్వ, "తెలిసి పెట్టలేదని నాకు తెలుసు పాపా. వచ్చి ఒక్క మాట అంటే ఏం పాయ?" అంది. పది అడుగుల వీధి. ఏడాదంతా ఇద్దరూ అటూ ఇటూ కూర్చుని ఒకరినొకరు చూడనట్టు చూసుకున్నారు. అవ్వ గాజులు ఒక్కొక్కటే పగిలిపోతూ వచ్చాయి. వేరేవాళ్ల దగ్గర కొనదు. డిసెంబరు వచ్చేసరికి కుడిచేతికి ఒక్కటే మిగిలింది.

పోయిన క్రిస్మస్‌కు నక్షత్రం ఎక్కించే సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే వీధిలో నిలబడి, "ఊళ్లో మాటల్లేనోళ్లు ఎవురప్పా?" అని అడిగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. నేను తాడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "ఇద్దరుండారవ్వా" అన్నాను. అవ్వ నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది. ఈలోగా గాజులవ్వ తన గడప దిగి వచ్చి, వెనకనుంచి తాడు పట్టుకుంది.

లాగారు. మాట లేదు. నక్షత్రం సగం పోయి ముడి దగ్గర ఆగింది. ఈమె లాగితే ఆమె ఊరుకుంటుంది, ఆమె లాగితే ఈమె ఊరుకుంటుంది. చివరికి మా అవ్వే, వెనక్కి తిరగకుండా, "తప్పయిపాయ వదినా" అంది. ఒక క్షణం ఆగి, "ఇగ్గు!" అంది. నక్షత్రం కొస దాకా పోయింది. గాజులవ్వ తాడు కట్టేసి అవ్వ చెయ్యి పట్టుకుని చూసి, "ఏంది వదినా, చేతులు ఇట్లుండాయి?" అని మలారం తేవడానికి ఇంట్లోకి పరుగెత్తింది. ఆ పండక్కి ముల్లాసాబుకు మా నాయన మూడు రోజుల ముందే కబురు పంపాడు. మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన క్రిస్మస్ ఇంకొకటి నాకు గుర్తులేదు.

ఈ ఏడు అవ్వ లేదు. ఆమె చెప్పినట్టే కాగితాలు నేనే అంటించాను, ఆలస్యంగా. సాయంత్రం వీధంతా వచ్చి నిలబడింది. మాటల్లేనోళ్లెవరని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. నేనే వెళ్లి తాడు పట్టుకున్నాను. వెనక గాజుల చప్పుడైంది. చూడకుండానే తెలిసింది.

ఇద్దరం లాగాం. ముడి దగ్గర ఆగింది. ఆగుతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. చేతులు నొప్పెడుతున్నాయి.

"రావాల్సింది గాజులవ్వా," అన్నాను. "అవ్వ రమ్మన్నప్పుడు రాల్యా. తప్పు నాదే."

ఆమె నా వీపు వెనక నుంచి, ముక్కు ఎగబీలుస్తూ, "శానా ఎదురుచూసింది పాపా నీకోసరం," అంది. "ఏడ్చేది ఉంటే ఇద్దరమూ కలిసి ఏడుద్దాం. మొదట నచ్చత్రం పైకి పోనీ. ఇగ్గు!"

లాగాను. ముడి గిలక దాటింది. తాడు మీద నా చేతుల పక్కనే ఆమె ముడతల చేతులు, వాటినిండా పచ్చగాజులు. తల పైకెత్తి చూస్తే నక్షత్రం కొసన కొంచెం ఊగి, రెండిళ్ల మధ్య నిలబడింది.