వంకర చిటికెన వేలు

శ్రీకాళహస్తిలో రాజారత్నం ఎవరని అడిగితే పక్కింటివాళ్ళు కూడా తడుముకుంటారు. 'ఉక్కురెక్క' ఎవరని అడగండి, వీధంతా చెప్తుంది. దుర్మార్గుల్ని చితకబాది ఆకాశంలోకి ఎగిరిపోయే ఆ వీరుణ్ణి ఇరవై ఎనిమిదేళ్ళు, నెలకో బొమ్మల కథల పుస్తకం చొప్పున గీసింది ఈయనే. అట్టమీద మాత్రం చెన్నై కంపెనీ పేరే ఉంటుంది. నా పేరేదని ఆయన ఏనాడూ అడగలేదు. అడగడం చేతకాని మనిషి.

ఎగిరేవాణ్ణి గీయాలంటే ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలి. ఆ పని భార్య ఎస్తేరుది. మెడకు దుప్పటి కట్టుకుని, ముక్కాలిపీట ఎక్కి, ఎడమచెయ్యి ముందుకు చాపేది.

"ఇంగా ఎంతసేపయ్యా? పొయ్యి మీద పులుసు మాడిపోతా ఉండాది."

"రెండు నిమిషాలు. ఎగరతా ఉండావు, కదలొద్దు."

చిన్నప్పుడు రోకలి పడి ఆమె ఎడమ చిటికెన వేలు వంకరపోయింది. ఉన్నది ఉన్నట్టు గీయడమే తెలిసిన రాజారత్నం ఆ వంకర కూడా గీశాడు. కొండలెత్తే వీరుడికి ఆ వంకరేమిటని ఎవరూ పట్టించుకోలేదు.

మూడేళ్ళ కిందట ఎస్తేరు కామెర్లతో పోయింది. అప్పటికే చూడకుండా గీయడం చేతికి వచ్చేసింది. అయినా రోజూ ఆ వేలు గీయగానే, "ఇంక దిగు, పులుసు సూసుకో" అని ఖాళీ పీటతో అనేవాడు. పిచ్చి అనుకుంటే అనుకోండి. ఆయనకు మాట్లాడేందుకు ఇంకెవరున్నారు?

మొన్న వేసవిలో కంపెనీలో కొత్తగా చేరిన లోహిత ఫోన్ చేసింది. వచ్చే నెల నుంచి బొమ్మలు కంప్యూటర్లోనే తయారవుతాయని, ఇదే ఆయన చివరి పుస్తకమని మర్యాదగానే చెప్పింది.

"ఇంకో మాట సార్. హీరో చిటికెన వేలు వంకరగా వస్తోంది. ఈసారి సరిచేసి పంపండి."

"అది తప్పు కాదమ్మా."

"మరి ఏ కథలో దెబ్బ తగిలింది సార్?"

చెప్పాలనుకున్నాడు. పీట వైపు చూసి, "అట్నే ఉండనీమ్మా, నీకు పున్యముంటాది" అన్నాడు.

"చూద్దాం సార్" అందామె.

వంకర వేలితోనే ముప్పైరెండు పేజీలూ పంపాడు. నెల తిరిగేసరికి అచ్చు పుస్తకం పోస్టులో వచ్చింది. గుమ్మంలోనే విప్పాడు. మొదటి పేజీలో వేలు నిటారుగా ఉంది. రెండో పేజీలోనూ అంతే. అన్నింటినీ ఎవరో సరిచేశారు. బొమ్మలోని ఆ చెయ్యి ఇప్పుడు ఎవరిదో ఆయనకు తెలియదు. ఎస్తేరు పోయిన రోజు కూడా ఇల్లు ఇంత ఖాళీగా అనిపించలేదు.

పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. తర్వాత తెల్లసిరా, నల్లసిరా తెచ్చుకున్నాడు. పీటను ఎదురుగా లాక్కుని, మొదటి పేజీ నుంచి ఒక్కొక్క వేలే వంచడం మొదలుపెట్టాడు.

"కొంచేపు ఓర్చుకో ఎస్తేరూ" అన్నాడు. "ఈసారి రెండు నిమిషాల్లో అయ్యేది కాదు."