ముసలెద్దు పక్కన కొత్త గిత్త

శృంగవరపుకోటలో ఫొటో స్టూడియో నడిపిన మా మావ అసలు వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. కంప్యూటర్ బటన్ నొక్కగానే, ఎద్దు మూపురం నిమిరినట్టు ఆ డబ్బా మీద అరచెయ్యి ఆనించేవాడు. లోపల హార్డ్ డిస్క్ గరగరమంటే చాలు, "లెగిసినాదిరా!" అని టీకి వెళ్లిపోయేవాడు. ఆయన టీ తాగి వచ్చేసరికి అది నింపాదిగా తెరుచుకునేది.

ఒక వేసవిలో నేను ఫొటోలతో సహా అన్నీ ఎస్ఎస్‌డీ అనే, లోపల తిరిగే చక్రమే లేని కొత్తరకం డ్రైవులోకి ఎక్కించి, పాత డిస్కు తీసేసి కొత్తదాన్ని బిగించాను. మావ బటన్ నొక్కి చెయ్యి ఆనించాడు. చప్పుడు లేదు. ముఖం పాలిపోయింది.

"సంపేసినావేటిరా? ఊరందరి పెళ్లిళ్లూ దాన్లోనే ఉన్నాయిరా!"

"ముందు స్క్రీన్ సూడు మావా."

అప్పటికే తెర మీద పెళ్లికూతుళ్లు బారులు తీరి ఉన్నారు. అయినా మావ పాత డిస్కును ఒళ్లో పెట్టుకుని కదల్లేదు.

"కొత్త గిత్తని ఒంటిగా దుక్కికి కడతామేటిరా? పక్కన ముసలెద్దు ఉండాల. దీన్ని కూడా కట్టు."

నవ్వుకుంటూ రెండో డ్రైవుగా దాన్నీ బిగించాను. మావ మళ్లీ బటన్ నొక్కాడు. అరచేతి కింద డబ్బా గరగరమంది.

"లెగిసినాదిరా!" అన్నాడు. వెలిగిన తెర వైపు కన్నెత్తయినా చూడకుండా టీకి వెళ్లిపోయాడు.