గురువారం ఆఖరి పీరియడ్

జంగయ్య సార్ మా తిరుమలగిరి హైస్కూల్లో ఇరవై రెండేళ్లు పీఈటీగా చేశారు. ఉండేది బొల్లారంలో. ఖోఖో కాక వేరే ప్రపంచం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకం కాదు. బళ్లో ఆయనకు ఒక్కరితోనే వైరం, లెక్కల టీచర్ అనసూయమ్మ గారితో. గురువారం ఆఖరి పీరియడ్ పదో తరగతికి ఆటలు. సరిగ్గా బెల్లు కొట్టేవేళకి ఆవిడ చాక్‌పీసుతో ప్రత్యక్షమయ్యేవారు.

“ఈ ఒక్క వారం ఇవ్వండి సార్, పోర్షన్ అవలేదు.”

“మేడమ్, ఉరుకుడు పోర్షన్ కాలేదని నేనెప్పుడన్న మీ పీరియడ్ అడిగిన్నా?”

ఈ గొడవ నాకు కంఠతా వచ్చు. నేను తెలుగు చెబుతాను. నా పీరియడ్లూ ఆవిడే పట్టుకుపోయేవారు, కాకపోతే నాకు పోట్లాడే దమ్ము లేదు.

పోయిన జూన్‌లో పాత హెడ్మాస్టర్ రిటైరయ్యారు. కరస్పాండెంట్ రామభద్రరావు గారు ఆ కుర్చీలో జంగయ్య సార్ని కూర్చోబెట్టారు. పొద్దున ఏడింటికల్లా బడికొచ్చేది ఆయనొక్కరే మరి.

ఆయన బడిని ఖోఖో కోర్టు చేసేశారు. ఏ టీచరైనా సెలవు పెడితే స్టాఫ్‌రూముకొచ్చి, కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి “ఖో!” అనేవారు. తట్టించుకున్నవాళ్లు లేచి ఆ క్లాసుకి పోవాలి, మారుమాట లేదు. నోట్లో సమోసా ఉండగానే నేను రెండుసార్లు లేచాను. నెల తిరక్కుండా స్టాఫంతా గోడకి వీపు ఆనించి కూర్చోవడం నేర్చుకున్నాం.

దసరా ముందు పరీక్షల్లో పదో తరగతిలో పదకొండు మంది లెక్కలు తప్పారు. రామభద్రరావు గారు ఫోన్లో ఏం చీవాట్లు పెట్టారో గానీ, మర్నాడే సర్క్యులర్ వచ్చింది. గురువారం ఆటల పీరియడ్ ఇకనుంచి లెక్కలకట. కింద జంగయ్య సార్ సంతకం.

కొత్త పీఈటీ సుకన్య ఆయన దగ్గర ఆట నేర్చుకున్న పిల్లే. ఆ కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వచ్చింది. నేను లీవ్ లెటర్‌తో అక్కడే నిలబడి ఉన్నాను.

“ఏంది సార్ ఇది? పిల్లలకు వారానికి ఉన్నదే ఆ ఒక్క పీరియడ్!”

“పోర్షన్ కాలేదు బిడ్డా,” అన్నారు. అని, ఆగిపోయారు. ఆ మాట ఎవరిదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మొహం చిన్నబోయింది. నాకు నవ్వు రావాలి, జాలేసింది. సుకన్య ఏడుపు ఆపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఆయన నన్ను వెంటేసుకుని రామభద్రరావు గారింటికి వెళ్లారు. “ఆ పదకొండు మంది వచ్చే పరీక్షల పాస్ కాకుంటే ఈ కుర్చీ మీకప్పజెప్పి మల్ల గ్రౌండ్‌కే పోత. పాసైతే మాత్రం గురువారం జోలికి రావొద్దు.”

“సరే, చూద్దాం,” అన్నారాయన.

అప్పట్నుంచి రోజూ పొద్దున ఏడింటికి ఆ పదకొండు మందికీ లెక్కలు. అనసూయమ్మ గారు సణుక్కుంటూనే వచ్చేవారు. రెండో రోజుకే ఐదుగురు ఎగ్గొట్టారు. మూడో రోజు జంగయ్య సార్ పుస్తకం పట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నారు.

“నేను సుత పదిల లెక్కలు రెండుసార్లు తప్పిన. సిగ్గేంది? నాకన్న లేటొచ్చినోడు గ్రౌండ్ సుట్టు ఐదు రౌండ్లు ఉరకాలె.”

అంతటి మనిషి వేళ్లమీద కూడికలు చేస్తుంటే ఆ తమాషా చూడ్డానికైనా పిల్లలంతా వచ్చారు.

నవంబర్ పరీక్షలో ఆ పొద్దుటి క్లాసువాళ్లవే అనసూయమ్మ గారు పన్నెండు పేపర్లు దిద్దారు. పదకొండు మందీ గట్టెక్కారు. గురువారం పీరియడ్ మళ్లీ ఆటలకే వచ్చిందని సుకన్య స్టాఫ్‌రూములోనే ఎగిరి గంతేసింది. పన్నెండోది జంగయ్య సార్‌ది. వందకి ఇరవై తొమ్మిది.

“ఇంట్లో పెద్దవాళ్ల సంతకం పెట్టించుకు రండి సార్,” అన్నారు అనసూయమ్మ గారు, తప్పిన పిల్లలకు చెప్పినట్టే.

ఆయన నిజంగానే పట్టుకెళ్లారు. మర్నాడు ఆ పేపరు స్టాఫ్‌రూమంతా తిరిగింది. ఆయన భార్య దేవమ్మ గారు గుండ్రంగా సంతకం చేసి, కింద రెండు ముక్కలు రాశారు: “మావోనికి ఆటలెక్కువైనయ్ మేడమ్. జెర గురువారం సుత కూసోబెట్టుండ్రి.”