మంచు సముద్రంలో పెదనాన్న ఓడ

నా చిన్నప్పుడు శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో ఏ పిల్లాణ్ణి అడిగినా మా పెదనాన్న ఓడ గురించి చెప్పేవాడు. నేవీలో ఆ ఓడ మీద పనిచేసి వచ్చిన మనిషి. మామూలుగా మాట తక్కువ, ఓడ సంగతి ఎత్తితే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

మొదట అది సరుకుల ఓడట. నేవీ వాళ్లు తీసుకుని, ముందు భాగానికి దళసరి ఇనుప రేకులు బిగించి, దక్షిణాన మంచు సముద్రానికి పంపారట. అక్కడి క్యాంపులో ఉండేవాళ్లకు తిండీ, కిరసనాయిలూ ఏటా అదే మోసేదట.

ఓ వానాకాలం మా చెల్లికి జ్వరం ముదిరింది. ఏరు పొంగి రోడ్డు తెగింది, డాక్టరేమో అవతలి ఒడ్డున ఉన్నాడు. అమ్మ ఏడుస్తోంది, నాన్న గుమ్మానికీ ఏటికీ మధ్య తిరుగుతున్నాడు. నేను తలుపు వెనక నక్కాను. పెదనాన్న వచ్చి నా చేతిలో తడిగుడ్డ పెట్టి, చెల్లి నుదుటి మీద మారుస్తూ ఉండమన్నాడు. పక్కన కూర్చుని ఓడ కథ ఎత్తుకున్నాడు.

ఒక ఏడు తుఫాను పట్టిందట. ఎగిరిపడ్డ నీళ్లు పడ్డచోటే గడ్డకట్టి, పైన బరువు పెరిగి ఓడ పక్కకి ఒరిగిందట. వంటవాడి దగ్గర్నుంచి కెప్టెన్ దాకా కొయ్యసుత్తులు పట్టుకుని మంచు పగలగొట్టారట. కొట్టిన చోటే మళ్లీ పేరుకునేదట.

"మరెందుకు కొట్టడం?" అన్నాను ఉక్రోషంగా.

"మంచు ఆగదురా. మనం ఆగితే ఓడ తిరగబడిపోద్ది. గుడ్డ మార్చు," అన్నాడు.

సాయంత్రానికి చెల్లి కళ్లు తెరిచింది. నా వల్లేనని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. కాదన్నది పెదనాన్న ఒక్కడే. ఆ ఓడని మంచు ముంచలేకపోయింది గానీ, ముసలిదయ్యాక రేవులో ముక్కలు చేసి అమ్మేశారు.

ఇప్పుడు నేను ఖతార్‌లో, ఉమ్ సలాల్‌లో ఒక ఇంటి డ్రైవర్ని. అదే చెల్లి వైజాగ్ ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. మా యజమాని ఇల్లు నా మీద వదిలి, కుటుంబంతో వేరే దేశం వెళ్లాడు. సెలవు అడిగితే "ఛుట్టీ మాఫీ", అంటే సెలవు లేదని, ఫోన్లోనే తేల్చేశాడు. ఎంత బతిమాలినా లేదంటే లేదన్నాడు. వట్టి చేతులతో ఇక్కడ కూర్చోవడం నరకంగా ఉంది.

సాయంత్రం ఆసుపత్రివాళ్లు కాసేపు లోపలికి పంపినప్పుడు మేనల్లుడు ఫోన్ చెల్లి చెవి దగ్గర పెడతాడు. నేను ఓడ కథ మొదలుపెడతాను. "అమ్మ పలకట్లేదు మావయ్యా," అంటాడు వాడు. ఫోన్ తియ్యొద్దంటాను. దానికి వినపడుతోందో లేదో నాకు తెలీదు. కొయ్యసుత్తుల దాకా వచ్చేసరికి వాడు మళ్లీ అదే మాటంటాడు. అయినా చెబుతూనే ఉంటాను.