నిలబడ్డ బండి

మల్కాపురం సిటీ బస్సు డ్రైవరు కొండలరావుకి డీజిల్ బళ్ళ గేర్లు లాగి లాగి ఎడమ భుజం కిందికి వాలిపోయింది. సిగ్నల్ పడితే చాలు, చెయ్యి దానంతటదే తాళంచెవి మీదికి పోయి ఇంజను ఆపేస్తుంది. చుక్క నూనె ఊరికే కాలిందంటే అతనికి ప్రాణం ఒప్పదు. ఈమధ్య హైడ్రోజన్ బస్సు చేతికిచ్చారు. చప్పుడు లేదు, పొగ లేదు, వెనక గొట్టంలోంచి నీళ్ళు కారతాయి. తోలుతున్నంతసేపూ బండి ఆగిపోయిందేమోనని అనుమానమే. ఆ సాయంత్రం డిపోలో దానికి లావుపాటి వైరు తగిలిస్తుంటే, "ఏటమ్మా, సార్జింగా?" అనడిగాడు.

ఇంజనీరు హిమబిందు నవ్వింది. "కాదండీ. పగలు మిగిలిన ఎండ కరెంటుతో హైడ్రోజన్ చేసి దాస్తాం. పొద్దుపోయాక బస్సు దాంతో కరెంటు పుట్టించి మీ కాలనీకి పంపుతుంది."

"మరి ఎవుడు తోల్తాడు?"

"ఎవరూ తోలక్కర్లేదు. నిలబడే పంపుతుంది."

నిలబడ్డ బండి పనిచెయ్యడమేమిటో అతని బుర్రకెక్కలేదు. వెనక్కి తిరిగి చూసుకుంటూనే నడిచి, చీకటి పడ్డాక ఇంటికి చేరాడు. ఇంట్లో భార్య నాగమణి గిర్రున తిరుగుతున్న ఫ్యాను కింద చిక్కుళ్ళ ఈనెలు తీస్తోంది. అతను చెమట తుడుచుకుంటూ ఆ రెక్కల వంక కాసేపు చూశాడు. చెయ్యి, సిగ్నల్ దగ్గర పోయినట్టే, స్విచ్చి మీదికి పోయింది.

"ఏటయ్యా, ఇంత ఉక్కలో ఫేనాపేసినావు?"

కొండలరావు గోడకి చేరగిలబడ్డాడు.

"ఉండవే. పొద్దున్నించీ నాతోపాటే తిరిగింది బండి. కూసింతసేపు దాన్నీ కూకోనీ."