చరిస్తే వెలిగే లైటు

నాలుగేళ్ల కిందటి మాట. అబుదాబి దగ్గర మఫ్రఖ్‌లో ఒక కంపెనీ ఫైరింజన్లు కడిగి, రోజూ పొద్దున లైట్లు చూసి కాగితం మీద సంతకం పెట్టడం నా పని. యాభై రెండేళ్లు వచ్చేదాకా నాది వేలిముద్రే. బండి నడిపే మల్లేశ్ మా జగిత్యాల వైపువాడు. "ఏలుముద్ర ఏంది కాకా, ఇజ్జత్ పోతది" అని క్యాంపులో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు.

కొత్త బండికి వెనక లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయేవి. అరచేత్తో చరిస్తే వెలిగేవి. అందరం అలాగే చరిచేవాళ్లం. ఆ రోజూ చరిచాను.

"మళ్ల ఆరిందా కాకా?"

"ఎలిగింది తియ్. పెండ్లాంతోని ఫోన్ల ముచ్చట్లు సాలు, యల్లా, నడువ్!"

'లైట్లు బాగున్నాయి' అన్నచోట సంతకం పెట్టాను.

బయట పొగమంచు. దారిలో టైరు చూద్దామని మల్లేశ్ బండి ఆపి వెనక్కి వెళ్లాడు. లైట్లు మళ్లీ ఆరిపోయాయి. వెనక వచ్చిన లారీకి బండీ కనపడలేదు, మనిషీ కనపడలేదు. మల్లేశ్ అక్కడే పోయాడు.

నెల తర్వాత, వైరు అతుకులో లోపం ఉంది, ఆ రకం బండ్లన్నీ వెనక్కి పంపండని తయారుచేసినవాళ్లు ఉత్తరం రాశారు. "తప్పు వాళ్లది, నీది కాదు, ఖలాస్" అన్నాడు మా మేనేజరు.

లైటు ఆరితే చరవకండి, పైవాళ్లకు చెప్పండి. నేను చెప్పలేదు. ఆ రోజు కాగితం మీద ఉన్నది మల్లేశ్ నేర్పిన సంతకం.